జెరూసలేం ముఫ్తీ, బెర్లిన్ బంధం: మన పిల్లలకు ఈ పాఠం ఎలా చెప్పాలి?



ఈ వార్షిక సంచికలో చదువుకు సంబంధించిన వ్యాసం ఒకటి ఉండాలని కమిటీ పెద్దలు కోరారు. పరీక్షల్లో మార్కులు తెచ్చుకోవడం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి కనుక చరిత్ర నుంచి ఒక కష్టమైన పాఠం ఎంచుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జెరూసలేం ముఫ్తీ హాజ్ అమీన్ అల్ హుసైనీకి, హిట్లర్ ప్రభుత్వానికి మధ్య ఉన్న సంబంధం ఈ పాఠంలోని అంశం.

"మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లకు దీనితో ఏం పని?" అని మీరు అడగవచ్చు. పని ఉంది. పదో తరగతి సాంఘికశాస్త్రంలో ప్రపంచ యుద్ధాల పాఠం, నాజీజం పాఠం వస్తాయి. ఆ రోజు క్లాసులో ఏదో ఒక మూల నుంచి ఈ ప్రశ్న లేస్తుంది. ఇప్పుడు పిల్లల చేతిలో ఫోన్ ఉంది. చాలా ఇళ్ళలో అది దుబాయి నుంచో దమ్మాం నుంచో తండ్రి కొని పంపిన ఫోన్. అందులో ముఫ్తీ, హిట్లర్ ఎదురెదురుగా కూర్చున్న ఫొటో తిరుగుతూ ఉంటుంది. దాని కింద రెండు రకాల రాతలు కనిపిస్తాయి. యూదులను చంపాలని హిట్లర్‌కు నేర్పింది ఈ ముస్లిం మతగురువేనని ఒక రాత. ఆ ఫొటో అబద్ధమని, లేదా ఆయన చేసిందంతా గొప్ప పనేనని ఇంకో రాత. రెండూ తప్పే. మొదటిది చదివిన పిల్లవాడు తన పేరు చూసుకుని తలదించుకుంటాడు. రెండోది నమ్మిన పిల్లవాడు అన్యాయాన్ని సమర్థించడం అలవాటు చేసుకుంటాడు. ఈ రెండు నష్టాల నుంచీ పిల్లలను కాపాడేది జరిగింది జరిగినట్టు చెప్పడమే.

అన్-నిసా సూరా 135వ ఆయత్ బోధ మనకు తెలిసిందే. సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు, మన దగ్గరివారికి వ్యతిరేకంగా వెళ్ళినా న్యాయం వైపే నిలబడాలి. చరిత్ర చెప్పడం కూడా ఒక సాక్ష్యమే.

ఎవరీ ముఫ్తీ?

అమీన్ అల్ హుసైనీ 1890ల్లో జెరూసలేంలోని పేరున్న కుటుంబంలో పుట్టారు. కైరోలోని అల్ అజ్హర్‌లో కొంతకాలం చదివారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ ఉస్మానియా సైన్యంలో అధికారిగా పనిచేశారు. యుద్ధం ముగిశాక పాలస్తీనా బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. అంతకుముందే, 1917 నవంబర్ 2న, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటుకు తోడ్పడతామని బ్రిటన్ బాల్ఫోర్ ప్రకటన ద్వారా మాట ఇచ్చింది. అక్కడ తరతరాలుగా ఉంటున్న అరబ్బుల్లో ముస్లింలు, క్రైస్తవులు ఇద్దరూ ఉన్నారు. తమ నేల చేజారిపోతుందన్న వారి భయం ఉత్తుత్తి భయం కాదు. ఈ విషయం చెప్పకుండా తర్వాతి కథ చెబితే పాఠం సగమే అవుతుంది.

1920లో జెరూసలేం అల్లర్ల తర్వాత అమీన్‌కు శిక్ష పడింది. బ్రిటిష్ హైకమిషనర్ హెర్బర్ట్ శామ్యూల్ ఆయనకు క్షమాభిక్ష పెట్టారు. 1921లో ముఫ్తీ పదవికి ఎన్నిక జరిగితే ఆయన నాలుగో స్థానంలో వచ్చారు. అయినా బ్రిటిష్ అధికారులు ఆయననే నియమించారు. 1922లో సుప్రీం ముస్లిం కౌన్సిల్ అధ్యక్షుడయ్యారు. షరియత్ కోర్టులు, వక్ఫ్ ఆస్తులు, మస్జిదుల నిర్వహణ అన్నీ ఆ కౌన్సిల్ చేతిలో ఉండేవి. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషికి అంత అధికారం వచ్చింది. 1937 వరకు ఆయన ఆ పదవిలోనే ఉన్నారు. వక్ఫ్ డబ్బును సొంత రాజకీయానికి వాడుతున్నారని ప్రత్యర్థి నషాషీబీ వర్గంవారు ఆరోపిస్తూ వచ్చారు. దాతలు ఈ మాట గుర్తుంచుకోవాలి. చివరలో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

హైదరాబాద్ రాజ్యానికీ జెరూసలేంకూ ఉన్న దారి

ఆ రోజుల్లో మన మూడు పట్టణాలూ నిజాం రాజ్యంలోని కరీంనగర్ జిల్లాలో ఉండేవి. జెరూసలేంలోని మస్జిదె అఖ్సా మరమ్మతుల కోసం ముఫ్తీ కౌన్సిల్ 1920లలో ముస్లిం దేశాలకు ప్రతినిధులను పంపింది. విరాళం ఇచ్చినవారిలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒకరు. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ 1931 జనవరిలో లండన్‌లో కన్నుమూస్తే, ఆయనను జెరూసలేంలో హరం షరీఫ్ పక్కన ఖననం చేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో ముఫ్తీ ఏర్పాటు చేసిన ప్రపంచ ఇస్లామిక్ కాంగ్రెస్‌కు మౌలానా షౌకత్ అలీ, కవి ఇక్బాల్ వెళ్ళారు. జెరూసలేంలో ఒక విశ్వవిద్యాలయం కట్టాలని అక్కడ అనుకున్నారు. దానికి నిధుల కోసం 1933లో ముఫ్తీ, ఈజిప్టు నాయకుడు ముహమ్మద్ అలీ అల్లూబా పాషా కలిసి ఇరాక్ మీదుగా ఇండియాకు వచ్చారు. అనుకున్నంత సొమ్ము చేరలేదు. ఆ విశ్వవిద్యాలయం కట్టనేలేదు.

అంటే మన దేశపు ముస్లింలకు ముఫ్తీ దూరదేశపు పేరు మాత్రమే కాదు. వారు నమ్మి గౌరవించిన మనిషి. అఖ్సా మరమ్మతుకు ఇచ్చిన సొమ్ము మంచి పనికే ఇచ్చిన సొమ్ము. ఇచ్చిన రోజున తర్వాత ఏం జరగబోతుందో దాతకు తెలియదు. ఆ దాతల నియ్యత్ మీద ఎవరూ వేలు చూపలేరు.

బెర్లిన్‌కు ఎలా చేరారు?

1936లో పాలస్తీనా అరబ్బులు సార్వత్రిక సమ్మె మొదలుపెట్టారు. అది తిరుగుబాటుగా మారి 1939 దాకా సాగింది. బ్రిటిష్ సైన్యం దాన్ని చాలా కఠినంగా అణచివేసింది. వేలమంది చనిపోయారు. 1937లో ముఫ్తీని కౌన్సిల్ పదవి నుంచి తొలగించి అరెస్టు చేయబోతే ఆయన లెబనాన్‌కు తప్పించుకున్నారు. 1939లో బ్రిటన్ ఒక శ్వేతపత్రం విడుదల చేసింది. అయిదేళ్ళలో యూదుల వలసను 75,000కు పరిమితం చేస్తామని అందులో చెప్పింది. ముఫ్తీ దాన్ని కూడా తిరస్కరించారు. ఆ ఏడాది అక్టోబర్‌లో బాగ్దాద్ చేరారు.

1941 ఏప్రిల్‌లో ఇరాక్‌లో రషీద్ అలీ వర్గం అధికారం చేజిక్కించుకుంది. మే నెలలో బ్రిటన్‌తో యుద్ధం జరిగింది. బ్రిటన్ మీద జిహాద్ చేయాలని ముఫ్తీ రేడియోలో ఫత్వా ఇచ్చారు. రషీద్ అలీ వర్గం ఓడిపోయింది. ఓటమి తర్వాత జూన్ 1, 2 తేదీల్లో బాగ్దాద్‌లోని యూదుల ఇళ్ళ మీద దాడులు జరిగి సుమారు 180 మంది చనిపోయారు. దాన్ని ఫర్హూద్ అంటారు. తరతరాలుగా ముస్లింల పక్కింట్లో బతికిన అరబీ మాట్లాడే యూదులు వాళ్ళు. పొరుగువాడి హక్కు ఆ రెండు రోజుల్లో మంటగలిసింది. ఆ రోజుల్లో కొందరు ముస్లిం కుటుంబాలవారు తమ పొరుగు యూదులను ఇళ్ళలో దాచి కాపాడారు. ఆ మాట కూడా పిల్లలకు చెప్పాలి.

ముఫ్తీ ఇరాన్‌కు, అక్కడి నుంచి ఇటలీకి వెళ్ళారు. 1941 అక్టోబర్ 27న ముస్సోలినీని కలిశారు. నవంబర్ 28న బెర్లిన్‌లో హిట్లర్‌ను కలిశారు. ఫోన్లలో తిరిగే ఫొటో ఆ రోజుదే. అది నిజమైన ఫొటో.

బెర్లిన్‌లో ఏం జరిగింది?

ముఫ్తీ ప్రధానంగా కోరింది ఒకటే. అరబ్ దేశాల స్వాతంత్ర్యాన్ని జర్మనీ బహిరంగంగా ప్రకటించాలి. హిట్లర్ ఒప్పుకోలేదు. తన సైన్యం కాకసస్ దాటాక చూద్దామన్నాడు. ఆ రోజు ఎప్పటికీ రాలేదు. 1942లో ఒక రహస్య లేఖ మాత్రం దొరికింది.

దానికి బదులుగా ముఫ్తీ ఇచ్చింది చాలా ఎక్కువ. జర్మన్ ప్రభుత్వం ఆయనకు ఇళ్ళు, సిబ్బంది, నెలనెలా పెద్ద మొత్తంలో డబ్బు ఇచ్చింది. ఆయన బెర్లిన్ దగ్గరి జేసెన్ రేడియో కేంద్రం నుంచి అరబీలో ప్రచారం చేశారు. 1944 మార్చి 1న చేసిన ప్రసంగంలో యూదులను కనిపించిన చోటల్లా చంపమని పిలుపునిచ్చారు. 1943లో బోస్నియాకు వెళ్ళి ఎస్.ఎస్. దళాల్లో ముస్లిం యువకుల చేరికకు తోడ్పడ్డారు. అలా ఏర్పడిన హంద్‌షార్ డివిజన్ సెర్బియన్ పల్లెల్లో సామాన్యుల మీద ఘోరాలు చేసింది. అదే డివిజన్‌లో కొందరు 1943 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లో శిక్షణ పొందుతుండగా జర్మన్ అధికారుల మీదే తిరగబడ్డారు.

అన్నిటికంటే బరువైన విషయం ఉత్తరాలది. 1943 మే, జూన్ నెలల్లో బల్గేరియా, రుమేనియా, హంగరీ ప్రభుత్వాలకు ఆయన ఉత్తరాలు రాశారు. తమ దేశాల్లోని యూదులను, పిల్లలను కూడా, పాలస్తీనాకు వెళ్ళనివ్వవద్దని వాటిలో కోరారు. హంగరీకి రాసిన ఉత్తరంలో వాళ్ళను గట్టి నిఘా ఉండే చోటికి, ఉదాహరణకు పోలండ్‌కు, పంపవచ్చన్నారు. ఆ సమయానికి పోలండ్‌లో ఆష్విట్జ్, ట్రెబ్లింకా చంపుడు కేంద్రాలు నడుస్తున్నాయి. ఎస్.ఎస్. అధిపతి హిమ్లర్ అప్పటికే దాదాపు 30 లక్షల మంది యూదులను చంపేశామని 1943 వేసవిలో తనతో చెప్పినట్టు ముఫ్తీ తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నారు. కనుక ఆయనకు ఏమీ తెలియదని వాదించడానికి లేదు.

పాలస్తీనాకు వలస ఆపాలని కోరడం ఒక రాజకీయ అభిప్రాయం. చావు తప్ప ఇంకో గతి లేని పిల్లలకు తప్పించుకునే దారి మూయమనడం వేరే విషయం. దీనికి మన దీన్‌లో ఏ సమర్థనా దొరకదు.

యుద్ధం ముగిశాక ఆయన ఫ్రాన్స్‌లో కొంతకాలం నిర్బంధంలో ఉండి, 1946లో ఈజిప్టుకు తప్పించుకున్నారు. ఏ కోర్టూ విచారించలేదు. 1974 జూలై 4న బీరూట్‌లో మరణించారు. పాలస్తీనా ప్రజలకు బెర్లిన్ స్నేహం వల్ల ఒరిగింది ఏమీ లేదు. 1948లో సుమారు 7 లక్షల మంది ఇళ్ళు వదిలి శరణార్థులయ్యారు. వారి న్యాయమైన బాధ గురించి ఎవరు మాట్లాడినా, ఎదుటివారు ముఫ్తీ ఫొటో తీసి చూపించడం మాత్రం అప్పటి నుంచి అలవాటైంది. నాయకుడి అప్పు జనం ఇంకా తీరుస్తూనే ఉన్నారు.

తేదీలు చెప్పే నిజం

ఇప్పుడు మొదటి రాత సంగతి చూద్దాం. యూదులను చంపే ఆలోచన హిట్లర్‌కు ముఫ్తీ ఇచ్చారా? 2015లో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు ఇంచుమించు ఈ మాటే అన్నారు. యూద చరిత్రకారులే దాన్ని తప్పన్నారు. మారణహోమం బాధ్యత తమ దేశానిదేనని జర్మన్ ప్రభుత్వం కూడా ప్రకటించింది.

పిల్లలతో బోర్డు మీద మూడు తేదీలు రాయిస్తే చాలు. 1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది. సైన్యం వెనకాలే వెళ్ళిన ప్రత్యేక దళాలు యూదులను సామూహికంగా కాల్చి చంపడం మొదలుపెట్టాయి. సెప్టెంబర్ 29, 30 తేదీల్లో కీవ్ నగరం బాబీ యార్ లోయలో 33,771 మందిని చంపినట్టు ఆ దళాలే లెక్క రాసుకున్నాయి. ముఫ్తీ హిట్లర్‌ను కలిసింది నవంబర్ 28న. అంటే ముఫ్తీ గుమ్మం తొక్కేసరికే చంపడం నెలల తరబడి సాగుతోంది. యూరప్‌లో యూద ద్వేషం శతాబ్దాల నాటిది. దాన్ని ప్రభుత్వ యంత్రాంగంగా మార్చింది నాజీలు.

కనుక తీర్పు ఇలా చెప్పాలి. మారణహోమానికి కర్త ముఫ్తీ కాదు. దాన్ని చేసినవారి వైపు తెలిసి నిలబడి తన గొంతునూ పేరునూ వారికి ఇచ్చిన మనిషి ఆయన. మొదటి వాక్యం వదిలేస్తే మన మీద అపవాదు. రెండో వాక్యం వదిలేస్తే మనం చెప్పే అబద్ధం.

అదే బెర్లిన్‌లో ఇంకో ముస్లిం

ముఫ్తీ బెర్లిన్‌లో ఉన్న రోజుల్లోనే ఆ నగరంలో ముహమ్మద్ హెల్మీ అనే ఈజిప్టు డాక్టర్ ఉండేవారు. 1901లో ఖార్తూంలో పుట్టి, 1922లో వైద్యం చదవడానికి జర్మనీ వచ్చారు. జాతి పేరుతో నాజీలు ఆయనను ఆసుపత్రి ఉద్యోగం నుంచి తీసేశారు. రెండుసార్లు జైల్లో పెట్టారు. అయినా ఆయన అన్నా బోరోస్ అనే యూద యువతిని యుద్ధం ముగిసేదాకా దాచారు. ఆమె తల్లికి, అమ్మమ్మకు కూడా తోడ్పడ్డారు. ఆమెను పోలీసుల నుంచి కాపాడేందుకు ఆమె ఇస్లాం స్వీకరించినట్టు ఒక పత్రం సంపాదించారు. ఆ పత్రం బెర్లిన్‌లోని ఇస్లామిక్ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చింది. 1942 డిసెంబర్‌లో ఆ సంస్థ ప్రారంభోత్సవంలో ప్రసంగించింది ముఫ్తీయే. ఒకే నగరం, ఒకే సంస్థ. ఒకరు దాని వేదిక మీద నుంచి ద్వేషం పలికారు. ఇంకొకరు దాని కాగితంతో ఒక ప్రాణం కాపాడారు. యూదులను కాపాడిన ఇతర మతాలవారికి ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ ఇచ్చే గుర్తింపు 2013లో హెల్మీకి దక్కింది. అరబ్బుల్లో ఆ గుర్తింపు పొందిన మొదటి వ్యక్తి ఆయనే.

ఇలాంటివారు ఇంకా ఉన్నారు. బోస్నియాలోని సారాయెవోలో ముస్తఫా హర్దగా, జైనబా దంపతులు యూద పొరుగువారిని ఇంట్లో పెట్టుకున్నారు. సారాయెవో, మోస్తార్, బంజా లూకా పట్టణాల ముస్లిం పెద్దలు 1941లోనే ఉస్తాషా ఫాసిస్టుల అత్యాచారాలను ఖండిస్తూ తీర్మానాలు రాసి సంతకాలు చేశారు. ముస్లింలు ఎక్కువగా ఉన్న అల్బేనియాలో యుద్ధానికి ముందుకంటే యుద్ధం తర్వాతే యూదుల సంఖ్య ఎక్కువ. ఇంటికి వచ్చిన అతిథిని ప్రాణం పోయినా అప్పగించకూడదన్నది అక్కడి సంప్రదాయం.

మన హైదరాబాద్‌తో బంధం ఉన్న పేరు కూడా ఒకటి ఉంది. సూఫీ గురువు ఇనాయత్ ఖాన్ హైదరాబాద్‌లో సయ్యద్ అబూ హాషిం మదనీ దగ్గర మురీదు అయ్యారు. ఆయన కూతురు నూర్ ఇనాయత్ ఖాన్ పారిస్‌లో ఫాసిస్టులకు వ్యతిరేకంగా రహస్య రేడియో నడిపింది. పట్టుబడినా తోటివారి పేర్లు చెప్పలేదు. 1944 సెప్టెంబర్ 13న డాకావ్ శిబిరంలో ఆమెను కాల్చి చంపారు. అప్పుడు ఆమె వయసు 30. మన ఆడపిల్లలకు ఈ పేరు తెలియాలి.

"మరి నేతాజీ కూడా వెళ్ళారు కదా, సార్?"

తెలివైన పిల్లలు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు. దాటవేయకూడదు. సుభాష్ చంద్రబోస్ 1941లో బెర్లిన్ చేరారు. 1942 మే 29న హిట్లర్‌ను కలిశారు. ఆయన వెంట కార్యదర్శిగా పనిచేసింది మన హైదరాబాదీ ఆబిద్ హసన్. ఇంజనీరింగ్ చదువుకోసం జర్మనీ వెళ్ళిన యువకుడు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తో పాటు జలాంతర్గామిలో బయల్దేరి తూర్పు ఆసియా చేరిన ఒకే ఒక్క భారతీయ సహచరుడు. జై హింద్ నినాదం ఇచ్చిన ఘనత కూడా ఆయనదేనంటారు. స్వాతంత్ర్యం వచ్చాక దేశ రాయబారిగా సేవ చేశారు.

శత్రువుకు శత్రువు మిత్రుడన్న లెక్క బోస్‌ది కూడా. హిట్లర్ ఆయనకూ బహిరంగ ప్రకటన ఇవ్వలేదు. ఆ చెలిమిని ఆనాడే మన దేశంలో తప్పుపట్టినవారున్నారు. 1936లో రోమ్ మీదుగా వస్తూ ముస్సోలినీ ఆహ్వానాన్ని కాదన్న నెహ్రూ మన ముందున్న ఇంకో ఉదాహరణ. కనుక బోస్ ఎంచుకున్న దారిని కూడా పిల్లలు ప్రశ్నించవచ్చు. కానీ తేడా ఉంది. హిట్లర్ పుస్తకంలో భారతీయులను చులకన చేసిన రాతల సంగతిని బోస్ ముఖాముఖిగానే ఎత్తారు. ఒక జాతిని చంపమని రేడియోలో పిలుపునివ్వలేదు. పిల్లలకు తప్పించుకునే దారి మూయమని ఉత్తరాలు రాయలేదు. ఎవరితో చేతులు కలిపారన్నది ఒక ప్రశ్న. చేతులు కలిపి ఏం చేశారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఈ కొలత ముఫ్తీకీ బోస్‌కీ ఒకటే ఉండాలి.

ఇంకో పక్క, నిజాం ఇచ్చిన సొమ్ముకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు ఉండేవి. వాటిలో 152, 253 నంబర్లవి 1940లో బ్రిటన్ మీద హిట్లర్ విమానాలను ఎదుర్కొన్నాయి. ఆ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో చేరారు. వారిలో లక్షలాది మంది ముస్లింలు. ముఫ్తీ మాట రేడియోలో వచ్చినంత మాత్రాన ప్రపంచ ముస్లింలు ఆయన వెంట నడవలేదు. పాలస్తీనా నుంచి కూడా వేలమంది అరబ్బులు బ్రిటిష్ సైన్యంలో చేరి నాజీలతో పోరాడారు.

ఇది ఒక్క మతం సమస్య కాదు

యూసెఫ్ టిసో క్యాథలిక్ పాద్రీ. స్లోవాకియా అధ్యక్షుడిగా ఉండి యూదులను నాజీలకు అప్పగించాడు. 1947లో ఉరి తీశారు. జర్మనీలో చర్చినే నాజీ పార్టీకి తాకట్టు పెట్టిన ప్రొటెస్టెంట్ బిషప్పులున్నారు. అదే చర్చిలో పుట్టిన పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్ హిట్లర్‌ను ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కాడు. జుబ్బా వేసుకున్నా, గౌను వేసుకున్నా, కాషాయం కట్టినా అధికారం పిలిచినప్పుడే మనిషి బయటపడతాడు. ఈ ఉదాహరణలు చెప్పేది ముఫ్తీ తప్పును పలుచన చేయడానికి కాదు. మతం పేరుతో మనిషిని కొలవడం ఎంత పొరపాటో చూపడానికి.

దాతలుగా మనం తీసుకోవలసింది

ఈ సంస్థకు వచ్చే సొమ్ము ఎలాంటిదో మీకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. గల్ఫ్ ఎండలో పనిచేసిన చేతిది. బీడీలు చుట్టిన తల్లిది. సిరిసిల్లలో సాంచాల మీద రాత్రంతా నిలబడ్డ కార్మికుడిది. అది అమానత్. ముఫ్తీ కథ నుంచి ఈ అమానత్ విషయంలో నాకు నాలుగు మాటలు తోస్తాయి.

ఒకటి, ఇచ్చేది పనికి, పదవికి కాదు. అఖ్సా మరమ్మతు మంచి పని. ఆ పనికి ఇచ్చినంత మాత్రాన ఆ పదవిలో ఉన్నవారి ప్రతి మాటకూ తల ఊపనక్కరలేదు.

రెండు, ఏ సంస్థలోనైనా ఒకే మనిషి ఏళ్ళ తరబడి అన్ని తాళాలూ పట్టుకుని ఉండకూడదు. కమిటీ మారాలి. లెక్క అందరి ముందూ చదవాలి. అడిగినవారిని శత్రువుగా చూడకూడదు.

మూడు, మన సంస్థ ఎవరి డబ్బు పుచ్చుకుంటుందో చూసుకోవాలి. ఉప్పు తిన్నాక ఎదురు చెప్పడం కష్టం. బెర్లిన్‌లో నెలనెలా సొమ్ము పుచ్చుకున్న మనిషికి బెర్లిన్‌ను ప్రశ్నించే గొంతు మిగలలేదు.

నాలుగు, మనకు జరిగిన అన్యాయం మనం ఇంకొకరికి చేసే అన్యాయానికి అనుమతి కాదు. పాలస్తీనావారి బాధ నిజం. యూద పిల్లల చావు కూడా నిజం. రెండింటికీ కన్నీళ్ళు పెట్టగల పిల్లలను పెంచితేనే మన స్కాలర్‌షిప్పులకు అర్థం ఉంటుంది.

ఇంట్లో పిల్లలతో మాట్లాడేందుకు

పెద్దలు ఈ వ్యాసం పక్కన పెట్టే ముందు పిల్లలను ఈ ప్రశ్నలు అడిగి చూడండి. జవాబు మీరు చెప్పవద్దు, వాళ్ళను చెప్పనివ్వండి.

1. బాబీ యార్ తేదీ, ముఫ్తీ హిట్లర్‌ను కలిసిన తేదీ పక్కపక్కన రాస్తే ఏం తెలుస్తుంది?

2. ముఫ్తీకి హిట్లర్ ఏం ఇచ్చాడు? ముఫ్తీ ఏం ఇచ్చారు? ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

3. డాక్టర్ హెల్మీకి పదవి లేదు, సైన్యం లేదు, డబ్బు లేదు. ఆయన చేతిలో ఉన్నదేమిటి?

4. మనవాడు తప్పు చేస్తే తప్పని చెప్పడం ద్రోహమా, బాధ్యతా?

5. ఫోన్‌లో ఒక ఫొటో వచ్చినప్పుడు ముందుకు పంపేముందు మనం అడగవలసిన మూడు ప్రశ్నలేవి?

సంస్థ తరఫున మన మూడు పట్టణాల్లో చదువుకునే పిల్లల కోసం చరిత్ర పుస్తకాల అర ఒకటి ఏర్పాటు చేస్తే బాగుంటుందని నా విన్నపం. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో నాలుగు మంచి పుస్తకాలున్నా చాలు. ఒక పుస్తకం ఖర్చు పెద్దది కాదు. రేపు క్లాసులో ఆ ఫొటో చూపించి ఎవరైనా ఎగతాళి చేస్తే, మన పిల్లవాడు తలదించుకోకుండా, గొంతు పెంచకుండా, తేదీలతో సహా జవాబు చెప్పగలగాలి. ఆ జవాబులో ముఫ్తీ తప్పు ఉండాలి, హెల్మీ ధైర్యం ఉండాలి, చనిపోయినవారి పట్ల దయ ఉండాలి.

మీరిచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించాలని, మన పిల్లలకు నిజం చెప్పే ధైర్యాన్ని ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.